తెలిసిన చోటే హద్దు: ఒక మిర్చి గిడ్డంగి లెక్క చెప్పిన సంగతులు

మిర్చి సీజనులో గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. ఫిబ్రవరి మొదలు మే దాకా యార్డుకు వచ్చే సరుకులో వెంటనే అమ్ముడుపోనిది, మంచి ధర కోసం రైతు ఆపుకొన్నది, వ్యాపారి కొని నిల్వ పెట్టుకొన్నది టిక్కీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఈ గిడ్డంగుల్లోకి చేరి, నెలల తరబడి అయిదారు డిగ్రీల చలిలో ఉంటుంది. ఆ చలి గది అంతటా సమానంగా అందకపోతే, అందని చోట ఉన్న కాయ రంగు తగ్గుతుంది. రంగు తగ్గిన కాయకు ధర తగ్గుతుంది. అందువల్ల ఒక గిడ్డంగి యజమాని తన గదిలో గాలి ఎలా తిరుగుతోందో, పై అరల్లో ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో కంప్యూటర్‌లో లెక్కకట్టి చెప్పమని అడిగినప్పుడు నేను ఆ పనిని ఎంతో శ్రద్ధగా మొదలుపెట్టాను. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఆ గదిని అంగుళం వదలకుండా కొలిచాను. అరలు, ఫ్యాన్లు, టిక్కీల మధ్య సందులు అన్నీ గీసి, గదినంతా లక్షల గళ్ల మెష్‌గా విడగొట్టాను. మెష్ కోసం రెండు వారాలు పట్టింది. బౌండరీ కండిషన్లు, అంటే గది హద్దుల మీద పాటించాల్సిన షరతులు, ఇవ్వడానికి ఒక పూట సరిపోయింది. ఇప్పుడు రాస్తున్నది ఆ ఒక్క పూట గురించే.

మొదటి రిపోర్టులో పై అర ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు దాటదని రాశాను. యజమాని దానిని చదివి, పది రోజుల తర్వాత ఫోన్ చేశారు. “ఇంజనీరు గారూ, మీ కాగితంలో పై అర ఆరు దాటదని ఉందండీ. నేను పైన పెట్టిన మీటరేమో మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదిన్నర చూపిస్తోంది. పోయినేడు కూడా పై టిక్కీలే పాలిపోయినాయి. రెండిట్లో ఏది నమ్మమంటారు?” అని అడిగారు. మీటరునే నమ్మమని చెప్పి, ఆ రాత్రి లెక్క మళ్లీ తెరిచాను.

అనుమానం వచ్చినప్పుడు నేను మొదట చూసేది రంగురంగుల బొమ్మను కాదు, వేడి పద్దును. గది హద్దుల్లో ఒక్కొక్క దాని గుండా ఎన్ని వాట్ల వేడి లోపలికి వస్తోందో, కూలింగ్ కాయిల్ ఎంత వేడిని బయటికి తీస్తోందో సాఫ్ట్‌వేర్ వరుసగా అచ్చువేసి ఇస్తుంది. ఆ వరుసలో పైకప్పు ఎదురుగా దాదాపు 5,700 వాట్లు, నాలుగు గోడల ఎదురుగా వాటి వాటి అంకెలు, తలుపు ఎదురుగా అతి చిన్న అంకె, నేల ఎదురుగా సున్నా ఉన్నాయి. కొలిచిన ఏ వస్తువూ నిక్కచ్చిగా సున్నా చూపించదు. అయిదు డిగ్రీల గది కింద, ఎండాకాలపు గుంటూరు నేల మీద, 600 చదరపు మీటర్ల గచ్చు గుండా ఒక్క వాటు కూడా రావడం లేదంటే ఆ మాట ప్రకృతి చెప్పినది కాదు, నేను చెప్పినది. నిజానికి నేను నేల గురించి ఏమీ చెప్పలేదు, ఆ గడిని ఖాళీగా వదిలేశాను. ఖాళీగా వదిలిన హద్దును సాఫ్ట్‌వేర్ ఖాళీగా ఉంచదు. వేడి అసలు దాటని గోడగా తీసుకొంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో పద్ధతి ఇదే. వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కకట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలోనైతే ఇది గణితంలోనే ఇమిడి ఉంది: ఒక హద్దు మీద ఏ షరతూ రాయకపోతే అక్కడ ప్రవాహం సున్నా అన్న షరతు సహజంగా అమలవుతుంది. కట్టడాల లెక్కలో వదిలేసిన ముఖం మీద ఏ బలమూ లేదని అర్థం, వేడి లెక్కలో వదిలేసిన ముఖం గుండా ఏ వేడీ రాదని అర్థం. అంటే ఈ విద్యలో మౌనానికి కూడా ఒక కచ్చితమైన విలువ ఉంది, ఆ విలువ సున్నా.

బౌండరీ కండిషన్ అంటే ఏమిటో నా విద్యార్థులకు ఇలా చెబుతుంటాను. మనం లెక్కకట్టేది ప్రపంచంలో ఒక ముక్కను మాత్రమే. ఆ ముక్క లోపల ఏం జరగాలో సమీకరణాలు చెబుతాయి. బయట మిగిలిన ప్రపంచమంతా ఆ ముక్కతో ఎలా వ్యవహరిస్తుందో మాత్రం మనమే చెప్పాలి, అదీ హద్దు మీద మాత్రమే చెప్పగలం. వేడి పాకే తీరుకు ఫ్రాన్సుకు చెందిన ఫూరియే 1822లో ప్రకటించిన సమీకరణం గుంటూరు గిడ్డంగికీ విజయవాడ థర్మల్ కేంద్రం బాయిలర్‌కూ ఒక్కటే. ఒక లెక్కను గుంటూరు లెక్కగా చేసేవి దాని హద్దులే.

ఆ హద్దు మీద మనం చెప్పగలిగిన మాటలు ప్రధానంగా మూడు రకాలు. హద్దు మీద విలువనే చెప్పేయడం ఒకటి: ఈ ముఖం 43 డిగ్రీలు. దీనికి జర్మన్ గణితవేత్త డిరిక్లే పేరు పెట్టారు. విలువ తెలియదు గానీ దాటే ప్రవాహం తెలుసు అనడం రెండోది: ఈ ముఖం గుండా చదరపు మీటరుకు ఇన్ని వాట్లు. ఇది నాయ్‌మన్ పేరు మీద ఉంది. విలువా తెలియదు, ప్రవాహమూ తెలియదు, రెండింటికీ ఉన్న సంబంధం మాత్రం తెలుసు అనడం మూడోది: బయటి గాలి 43 డిగ్రీలు, గాలికీ ఈ ముఖానికీ ఎంత తేడా ఉంటే అంత నిష్పత్తిలో వేడి దాటుతుంది. దీనికి రాబిన్ పేరు. ఇలాంటి లెక్కలు చేసే ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారికి మొదటిది ఫిక్స్‌డ్ వాల్యూగానూ, రెండోదానిలో సున్నా విలువ జీరో గ్రేడియంట్‌గానూ రోజూ కనిపించేవే. ఈ పేర్లు కంఠస్థం చేయడం కష్టమేమీ కాదు. ఒక గోడ ముందు నిలబడి, దీని గురించి నాకు నిజంగా తెలిసినది ఏమిటి, విలువా, ప్రవాహమా, సంబంధమా అని తేల్చుకోవడమే కష్టం.

పైకప్పు దగ్గర నేను తప్పింది అక్కడే. మే నెల మధ్యాహ్నం గాలి 43 డిగ్రీలు కనుక రేకు పైముఖానికి 43 డిగ్రీలు అని విలువ ఇచ్చేశాను. అది గాలి ఉష్ణోగ్రత, రేకు ఉష్ణోగ్రత కాదు. మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 900 వాట్లు కురిపిస్తుంటే, పాతబడి మాసిన రేకు అందులో 65 శాతం దాకా పీల్చుకొంటుంది, అంటే 585 వాట్లు. గాలికీ రేకుకూ మధ్య వేడి మార్పిడి గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి 20 వాట్లు అనుకొంటే, ఆ ఎండ ఒక్కటే గాలి మీద మరో 29 డిగ్రీలు కలిపినట్టు లెక్క. ఆకాశం వైపు రేకు తిరిగి వెదజల్లే వేడికి నాలుగు డిగ్రీలు తీసివేసినా, రేకు ఎదుర్కొనే ఉష్ణోగ్రత 68 డిగ్రీల దగ్గర తేలుతుంది. శీతలీకరణ ఇంజనీర్లు దీనిని సోల్-ఎయిర్ ఉష్ణోగ్రత అంటారు. రేకు కింద వేడిని ఆపే 100 మిల్లీమీటర్ల పఫ్ (పాలీయూరితేన్ నురుగు) ప్యానెల్ గుండా డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు పావు వాటు చొప్పున వేడి దిగుతుంది కనుక, నా మొదటి లెక్కలో 38 డిగ్రీల తేడాకు తొమ్మిదిన్నర వాట్లు, సరైన లెక్కలో 63 డిగ్రీల తేడాకు దాదాపు 16 వాట్లు. 600 చదరపు మీటర్లకు చూస్తే 5,700 వాట్లకు బదులు 9,450 వాట్లు. ఆ తేడా ఒక టన్ను శీతలీకరణ (సుమారు 3,500 వాట్లు) కంటే కొంచెం ఎక్కువే.

పైగా ఈ హద్దు గంట గంటకూ మారుతుంది. మబ్బు లేని రాత్రి అదే రేకు ఆకాశానికి వేడిని వదులుకొని గాలి కంటే చల్లబడుతుంది, అందుకే తెల్లవారుజామున రేకు మీద మంచు పడుతుంది. పగటి అత్యధిక విలువను రోజంతటికీ అంటిస్తే శీతలీకరణ ప్లాంటు అవసరానికి మించి పెద్దదవుతుంది, రోజు సగటును మధ్యాహ్నానికి అంటిస్తే పై అర టిక్కీ దెబ్బ తింటుంది. కనుక రెండోసారి పైకప్పుకు 24 గంటల పట్టిక ఇచ్చాను.

నేల సంగతి ఇంకా సున్నితమైనది. మొదట సున్నా అన్నాను కదా అని, రెండోసారి తొందరపడి గచ్చులో వేడిని ఆపడానికి వేసిన థర్మోకోల్ పొర కింది ముఖానికి 28 డిగ్రీలు అని విలువ ఇచ్చాను. మన ప్రాంతంలో ఏడాది సగటు ఉష్ణోగ్రత సుమారు అంతే, నాలుగైదు మీటర్ల లోతున మట్టి ఏడాది పొడవునా దాదాపు ఆ ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. కానీ నేను విలువ ఇచ్చినది నాలుగు మీటర్ల లోతున కాదు, గచ్చు కిందనే. ఏళ్ల తరబడి చల్లటి గది కింద ఉన్న మట్టి తానే చల్లబడి ఉంటుంది. అక్కడ 28 అని రాయడమంటే ఎంత వేడి లాగినా చల్లబడని అక్షయపాత్రను గచ్చు కింద పెట్టడమే. అప్పుడు నేల గుండా వచ్చే వేడి సున్నా నుంచి ఒక్కసారిగా 4,800 వాట్లకు ఎగిరింది, అదీ తప్పే. సరైన మార్గం గచ్చు కింద నాలుగు మీటర్ల నల్లరేగడి మట్టిని కూడా మెష్‌లో చేర్చి, ఆ అడుగున 28 డిగ్రీలు అని చెప్పడం. గళ్లు పెరుగుతాయి, లెక్క ఆలస్యమవుతుంది, అయినా హద్దు నాకు ఊహ మాత్రమే ఉన్న చోటు నుంచి కొంత తెలిసిన చోటికి జరుగుతుంది. ఈ పని చేసినప్పుడే నాకు ఈ విద్య అసలు కీలకం అర్థమైంది: హద్దును మనకు వీలైన చోట గీయకూడదు, బయటి ప్రపంచం గురించి మనకు ఏదైనా నికరంగా తెలిసిన చోట గీయాలి.

తలుపు దగ్గర ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపించింది. సరుకు ఎక్కించే రోజుల్లో రెండున్నర మీటర్ల ఎత్తున్న ఆ తలుపు గంటల తరబడి తెరిచే ఉంటుంది. బయటి గాలి 43 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు దాదాపు 1.12 కిలోలు, లోపలి గాలి అయిదు డిగ్రీల దగ్గర 1.27 కిలోలు. ఈ కాస్త తేడా వల్ల తలుపు అడుగుకూ పైకీ మధ్య ఏర్పడే పీడన భేదం నాలుగు పాస్కల్ కంటే తక్కువ, వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్ అని గుర్తుంచుకొంటే ఇది లెక్కలోకి రానంత చిన్నదిగా కనిపిస్తుంది. అయినా తలుపు కింది సగంలో చల్లగాలి వాగులా బయటికి పారడానికి, పై సగంలో వేడిగాలి లోపలికి దూరడానికి అదే చాలు; వేగం సెకనుకు అర మీటరు దాటుతుంది. మధ్యాహ్నం పూట తలుపు దగ్గర నిలబడితే పాదాలకు చలి, ముఖానికి వడగాలి ఒకేసారి తగులుతాయి. అలా దూరిన వేడిగాలి తేలికగా ఉంటుంది కనుక నేరుగా పైకప్పు కిందికి చేరి, పై అర టిక్కీల చుట్టూ నిలిచిపోతుంది.

నా మొదటి లెక్కలో ఇది జరగలేదు. తలుపు ముఖం మీద ప్రెజర్ అవుట్‌లెట్, అంటే గాలి బయటికి పోయే దారి అన్న షరతు పెట్టి పీడనం సున్నా అని ఇచ్చాను. ఆ సున్నా దేనికి సున్నా అని నేను అడగలేదు. గురుత్వం ఉన్న లెక్కల్లో సాఫ్ట్‌వేర్ మొత్తం పీడనంతో పని చేయదు. ఒక ఆధార సాంద్రత తీసుకొని, ఆ సాంద్రత ఉన్న గాలి స్తంభం బరువును తీసివేసి, మిగిలిన దానితో పని చేస్తుంది. నేను వాడిన అమరికలో ఆధార సాంద్రత గది గాలి సగటు నుంచి దానంతట అదే వచ్చింది, అంటే చల్లగాలి సాంద్రత. తలుపు ముఖం మీద సున్నా అంటే, తలుపు బయట కూడా అంతే బరువైన చల్లగాలి నిలిచి ఉందని చెప్పినట్టయింది. రెండు వైపులా ఒకే బరువైతే ఎవరు ఎవరిని తోస్తారు? అందుకే పద్దులో తలుపు ఎదురుగా అంత చిన్న అంకె వచ్చింది. అక్కడక్కడ ఏ కొద్ది గాలి లోపలికి వచ్చినా దాని ఉష్ణోగ్రతగా సాఫ్ట్‌వేర్ ముందే నింపిపెట్టిన 300 కెల్విన్, అంటే 27 డిగ్రీలు వాడుకొంది. అవుట్‌లెట్ మీద గాలి వెనక్కి వస్తోందని తెర మీద హెచ్చరిక మళ్లీ మళ్లీ వచ్చినా, లెక్క కుదురుకొనే క్రమంలో వచ్చే మామూలు హెచ్చరికే అనుకొని దాటవేశాను. ఆ హెచ్చరిక చెప్పదలచుకొన్నది ఒక్కటే: నువ్వు గాలి పోయే దారి అన్న చోట గాలి వస్తోంది, వచ్చే గాలి ఎలాంటిదో నువ్వు చెప్పలేదు.

సరిదిద్దడానికి తలుపు బయట ఆరు మీటర్ల మేర ఆరుబయటి గాలిని కూడా మెష్‌లో కలిపాను. తలుపు అప్పుడు హద్దు కాకుండా లెక్క లోపలి చోటు అయింది. అక్కడ ఏం జరగాలో సమీకరణాలే తేల్చుకొన్నాయి. హద్దు ఆరు మీటర్ల అవతలికి, 43 డిగ్రీల నిశ్చలమైన గాలిలోకి వెళ్లింది. ఆధార సాంద్రతగా 1.12 చేత్తో రాశాను. లెక్క తిప్పగానే తలుపు దగ్గర రెండు పాయల ప్రవాహం కనిపించింది.

ఏ హద్దు మీద ఎన్ని షరతులు ఇవ్వాలన్నది కూడా మన ఇష్టం కాదు, ప్రవాహమే నిర్ణయిస్తుంది. దీనికి విజయవాడలో నదుల లెక్కలు చేసే మిత్రుడు చెప్పే ఉదాహరణ నాకు చాలా నచ్చుతుంది. ప్రకాశం బ్యారేజీ దిగువన సముద్రం దాకా కృష్ణ నిదానంగా, లోతుగా పారుతుంది. అలాంటి ప్రవాహంలో అల వేగం నీటి వేగం కంటే ఎక్కువ కనుక దిగువన జరిగిన మార్పు ఎగువకు తెలుస్తుంది. కాబట్టి ఎగువ హద్దులో బ్యారేజీ వదిలే నీరెంతో ఒక షరతు, దిగువ హద్దులో హంసలదీవి వైపు సముద్రమట్టం ఎంతో మరో షరతు ఇవ్వాలి. నాగార్జునసాగర్ స్పిల్‌వే మీద నుంచి దూకే నీటికి దిగువ కబురు పైకి ఎక్కలేదు. అక్కడ రెండు షరతులూ పైనే ఇవ్వాలి, కింద ఏమీ ఇవ్వకూడదు. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు విజయవాడ వాసులు ఈ సూత్రాన్ని కళ్లారా చూశారు. బుడమేరు మళ్లింపు కాలువ కృష్ణలో కలిసే చోట నది నిండుగా ఉంటే కాలువ నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ కాలువ లెక్కలో దిగువ హద్దుకు మామూలు రోజుల నీటిమట్టం ఇచ్చినవారికి నీరు సాఫీగా దిగిపోయినట్టే కనిపిస్తుంది.

మరో రెండు చిన్న సంగతులు. అన్ని హద్దుల మీదా వేడి ప్రవాహాన్నే చెప్పి ఎక్కడా ఉష్ణోగ్రతను ప్రస్తావించకపోతే స్థిరమైన జవాబు ఉండదు. వచ్చే వేడి, పోయే వేడి సరిపోకపోతే గది అంతులేకుండా వేడెక్కుతూనో చల్లబడుతూనో పోతుంది. సరిపోయినా ఏ ఉష్ణోగ్రత దగ్గర నిలవాలో దానికి తెలియదు. ఇక గదిని సగానికి కోసి మధ్యలో సిమెట్రీ, అంటే రెండు సగాలూ ఒకేలా ఉన్నాయన్న షరతు పెట్టే అలవాటు సమయం ఆదా చేస్తుంది గానీ, తలుపు ఒక పక్కనే ఉన్న గదికి అది చెల్లదు. నా మొదటి లెక్కలో ఆ తప్పు చేయలేదు.

హద్దులన్నీ మార్చి తిప్పిన లెక్కలో పై అర మధ్యాహ్నం మూడింటికి తొమ్మిది డిగ్రీలు దాటింది. ఆ రిపోర్టు ఇస్తూ, రేకుకు తెల్లటి పూత వేసి ఎండను పీల్చుకొనే వంతును 65 నుంచి 30 శాతానికి తగ్గిస్తే పైకప్పు గుండా వచ్చే వేడి 9,450 వాట్ల నుంచి 7,100 వాట్ల దాకా దిగుతుందని, తలుపుకు ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్లు కడితే పై అరకు అంతకంటే ఎక్కువ మేలని రాశాను. యజమాని ముందు కర్టెన్లు కట్టించారు.

ఇప్పుడు ప్రతి లెక్కకూ ఒక నోటుబుక్కు పెడుతున్నాను. ఒక్కొక్క హద్దుకు ఒక్కొక్క పేజీ: ఏ విలువ ఇచ్చాను, అది ఎవరు కొలిచినది, కొలవకపోతే ఎందుకు అనుకొన్నాను. ఈ గిడ్డంగి నోటుబుక్కులో పైకప్పు పేజీ నిండింది, తలుపు పేజీ నిండింది. నేల పేజీలో 28 పక్కన పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్నార్థకం అలాగే ఉంది. గచ్చు అంచున నాలుగు మీటర్ల బోరు వేసి మూడు లోతుల్లో సెన్సర్లు దించడానికి యజమాని ఒప్పుకొన్నారు. ఈ సీజను సరుకు ఎక్కించడం పూర్తయ్యాక, లారీలు ఖాళీ అయిన వారంలో ఆ పని మొదలుపెడతాము.